ఎవరి సెలవు? ఎవరి దారి?
స్త్రీల సైకిల్ యాత్రా రచనలపై ఒక పరిశీలన

యాత్రా రచనల గురించి మాట్లాడుకునేటప్పుడు రచయిత ఎక్కడికి వెళ్ళాడు, ఏం చూశాడు, ఎన్ని అగచాట్లు పడ్డాడు అని అడగడం మనకి అలవాటు. మగవాళ్ళ యాత్రలకి ఈ ప్రశ్నలు చాలు. ఒక స్త్రీ రాసిన యాత్రాగ్రంథం చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అన్ని రోజులు ఆమెకి ఎక్కడినుంచి వచ్చాయి? ఆమె గడప దాటాక ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు, మంచాన పడ్డవాళ్ళకి మందు ఎవరు పోశారు, పిల్లల తల ఎవరు దువ్వారు? ఈ ప్రశ్న అడగకుండా ఆ పుస్తకాన్ని 'సాహసగాథ' అని మెచ్చుకుని పక్కన పెట్టేస్తే రచయిత్రిని గౌరవించినట్టే కనిపిస్తుంది గాని, ఆమె రాసిన దానిలో సగం చదవకుండా వదిలేసినట్టే.

సైకిల్ యాత్రల దగ్గర ఈ ప్రశ్న మరీ సూటిగా ఎదురవుతుంది. రైలూ విమానమూ దూరాన్ని మింగేస్తాయి. సైకిలు దూరాన్ని గంటలుగా లెక్కగట్టి చూపిస్తుంది. ఎన్ని మైళ్ళు తొక్కితే అన్ని గంటలు ఆ మనిషి తన ఒంటిని తనకోసమే వాడుకున్నట్టు లెక్క. స్త్రీలకి అన్నిటికంటే అరుదుగా దొరికేవి సరిగ్గా ఆ గంటలే. చలిదేశాల్లో క్రిస్మస్ రోజుల్లో మంచునీ మబ్బునీ వెనకేసుకుని వెచ్చటి దక్షిణ దిక్కుకి సైకిలు మీద బయల్దేరడం చాలామంది కనే కల. ఆ కల స్త్రీలు కన్నప్పుడు ఏం జరిగింది? వాళ్ళ పుస్తకాల్ని కాచిగూడలోనో, చిక్కడపల్లిలోనో కూర్చుని మనం చదివితే ఏం కనిపిస్తుంది?

1894 జూన్‌లో బోస్టన్ నుంచి ప్రపంచయాత్రకని సైకిలెక్కిన ఆనీ కోప్‌చోవ్‌స్కీ ముగ్గురు చిన్నపిల్లల తల్లి. లండన్‌డెరీ అనే నీళ్ళ కంపెనీ వంద డాలర్లిస్తే సైకిలుకి వాళ్ళ బోర్డు తగిలించుకుంది, ఆ కంపెనీ పేరే తన పేరు చేసుకుంది. చరిత్రలో ఆమె ఆనీ లండన్‌డెరీగానే మిగిలింది. సెప్టెంబరులో షికాగో చేరేసరికి చలికాలం ముంచుకొచ్చింది. పడమటి మైదానాలు మంచులో దాటలేనని గ్రహించి వెనక్కి న్యూయార్కు వెళ్ళి, ఓడెక్కి ఫ్రాన్సు చేరింది. షికాగోలోనే బరువైన ఆడవాళ్ళ సైకిలు వదిలేసి అందులో సగం బరువున్న మగవాళ్ళ సైకిలు తీసుకుంది. పొడుగు పావడా మానేసి బ్లూమర్లు తొడుక్కుంది. యాత్రలో చాలా భాగం ఓడల మీదే సాగిందనీ, చెప్పిన కథల్లో కల్పన పాలెక్కువనీ ఆమె మీద విమర్శ ఉంది. అది నిజమే కావచ్చు. కానీ నన్ను ఆపింది వేరే విషయం. తన యాత్ర ఒక పందెం మీద జరుగుతోందని ఆమె ఊరూరా చెప్పుకుంది. ఓ వలస కుటుంబపు ఇల్లాలికి పదిహేను నెలలు ఇల్లు వదలడానికి అలాంటి కథ ఒకటి కావలసి వచ్చింది. 'చూడాలనిపించింది, వెళ్ళాను' అంటే చాలలేదు. ఆడదాని ప్రయాణానికి ఎప్పుడూ ఎవరో ఒకరికి కారణం చెప్పుకోవాలి.

ఫానీ బులక్ వర్క్‌మన్‌కి ఆ ఇబ్బంది లేదు. ఆమె మసాచుసెట్స్ గవర్నరుగా పనిచేసిన వాడి కూతురు. డబ్బుంది, వెంట భర్త విలియం ఉన్నాడు. అల్జీరియా, స్పెయిన్ సైకిళ్ళ మీద చుట్టబెట్టాక 1897 నుంచి సిలోన్, ఇండియా, బర్మా, జావా తిరిగారు. చలికాలంలో మన మైదానాల్లో సైకిళ్ళు, ఎండలు ముదిరితే హిమాలయాలు. ఈ యాత్రల మీద ఇద్దరూ కలిసి రాసిన 'త్రూ టౌన్ అండ్ జంగిల్' 1904లో వచ్చింది. పద్నాలుగు వేల మైళ్ళు తొక్కామన్న మాట ఆ పుస్తకం పేరులోనే ఉంది. గుళ్ళ శిల్పాల మీదా, ఫొటోల మీదా పెట్టిన శ్రద్ధ వాళ్ళు దారిపక్క బతికే మనుషుల మీద పెట్టలేదు. హిమాలయ గ్రంథాల్లోనైతే తమ బరువులు మోసిన కూలీల మీద ఫిర్యాదులు చేస్తూనే ఉంటారు. అదే ఫానీ 1912లో సియాచిన్ ప్రాంతంలో, ఇరవై వేల అడుగుల పైన, 'స్త్రీలకి ఓటు' అన్న పత్రిక పట్టుకుని ఫొటో దిగింది. ఈ ఇద్దరు ఫానీలనీ విడదీసి చదవడం కుదరదు.

ఫానీ కూతురు రేచెల్ దాదుల చేతుల్లోనూ, ఇంగ్లండు బోర్డింగు బడిలోనూ పెరిగింది. పెద్దయ్యాక భూగర్భ శాస్త్రజ్ఞురాలై పేరు తెచ్చుకుంది. తల్లి వదిలేసిపోయిందని నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. తండ్రి విలియంని ఈ ప్రశ్న ఎవరూ అడగరు కదా! చెప్పదలచుకున్నదల్లా, ఫానీ సైకిలు మీద గడిపిన గంటలు వేరే స్త్రీల చేతుల్లోంచి వచ్చాయని. అలాంటి దాదుల పేర్లు యాత్రాసాహిత్య చరిత్రలో ఉండవు. మన ఇళ్ళలో పనిమనిషి రాని రోజున మన రచన ఎందుకు ఆగిపోతుందో ఆలోచిస్తే ఈ లెక్క మనకి కొత్తదేం కాదు.

ఇక డెర్వ్‌లా మర్ఫీ. ఈ వర్గం పుస్తకాల్లో అందరూ ముందు చెప్పే పేరు ఆమె 'ఫుల్ టిల్ట్' (1965). ఐర్లండులో లిస్మోర్ అనే చిన్న ఊళ్ళో 1931లో పుట్టిన ఆమెకి పదో పుట్టినరోజుకి ఒక సైకిలూ ఒక అట్లాసూ వచ్చాయి. సైకిలు మీద ఇండియా వెళ్ళాలని అప్పుడే నిర్ణయించుకుంది. 1963 జనవరి 14న ఫ్రాన్సులోని డంకర్క్ నుంచి బయల్దేరింది. క్రిస్మస్ వెళ్ళి మూడు వారాలైనా కాలేదు. ఐరోపా అంతా దశాబ్దాలుగా ఎరగనంత చలితో గడ్డకట్టుకుపోయి ఉంది. మంచులో కూరుకుపోతూ, యుగోస్లావియాలో తోడేళ్ళ మీద పిస్తోలు పేలుస్తూ, తుర్కీలో రాత్రివేళ గదిలోకి దూరిన మగవాణ్ణి అదే పిస్తోలుతో తరిమి, ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ దాటి జులైలో ఢిల్లీ చేరింది. దారి పొడుగునా చలి తగ్గుతూ ఎండ పెరుగుతూ వచ్చింది. చివరికి ఎండే పెద్ద శత్రువైంది.

ఈ పుస్తకం మొదట్లో ఒక గొప్ప దూకుడుంది. పదేళ్ళ పిల్ల నిర్ణయం, ముప్పయ్యొకటో ఏట ప్రయాణం. మధ్యన ఉన్న ఇరవయ్యొక్క ఏళ్ళని రచయిత్రి ఒక గంతులో దాటేస్తుంది. పాఠకులు కూడా ఆమెతోపాటే దాటేస్తారు. చిన్ననాటి కలని మరిచిపోని మనిషి అని ముచ్చటపడతారు. ఆ మధ్య ఏళ్ళలో ఏముందో తెలియాలంటే 1979లో వచ్చిన ఆత్మకథ 'వీల్స్ వితిన్ వీల్స్' చదవాలి. తల్లి కీళ్ళవాతంతో మంచం పట్టింది. తండ్రి లైబ్రేరియన్. డెర్వ్‌లా పద్నాలుగో ఏట బడి మానేసి ఇంటికొచ్చేసింది. పదహారేళ్ళపాటు తల్లిని ఎత్తడం, దించడం, కడగడం, వండిపెట్టడం, రాత్రిళ్ళు లేవడం. మధ్యమధ్య కొద్ది వారాలు దొరికితే ఇంగ్లండో, జర్మనీయో, స్పెయినో సైకిలు మీద వెళ్ళొచ్చింది. ఆ వెళ్ళడాన్ని తల్లే ప్రోత్సహించింది. అదే తల్లి మీద ప్రేమ, కోపం, విసుగు, ఆ విసుగు వల్ల వచ్చే అపరాధ భావం, అన్నీ దాచకుండా రాసింది. 1961లో తండ్రి పోయాడు. 1962 ఆగస్టులో తల్లి పోయింది. అయిదు నెలలు తిరక్కుండా ఆమె డంకర్క్‌లో ఉంది.

ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితేగాని మొదటి పుస్తకం అర్థం కాదన్నది నా వాదన. బుద్ధున్నవాళ్ళెవరైనా జనవరిలో ఎందుకు బయల్దేరతారు, రెండు నెలలాగితే వసంతం వస్తుంది కదా అని చాలామందికి అనిపిస్తుంది. మొండితనమనీ, ఐరిష్ పిచ్చి అనీ నవ్వుకుంటారు. రోగి మంచం పక్కన పదహారేళ్ళు కూర్చున్న మనిషికి ఇంకో రెండు నెలలు ఆగడమంటే ఏమిటో తెలిసినవాళ్ళకి ఆ నవ్వు రాదు. ఆమెకి దారి తెరిచింది రెండు చావులు. దాన్ని ఎవరూ పైకి అనరు. అత్తగారో, అమ్మో, నాన్నో కన్నుమూశాక 'ఇక నీకు తీరికే కదా' అని బంధువులన్నప్పుడు తలవంచుకున్న ఆడవాళ్ళు మనలో ఎందరు లేరు? దుఃఖమూ తీరికా ఒకే రోజున ఇంటికొస్తే ఏం చెయ్యాలో మన సాహిత్యం ఇంకా సరిగ్గా రాయలేదు. మర్ఫీ రాసింది. రెండు పుస్తకాలుగా విడగొట్టి, పద్నాలుగేళ్ళ ఎడంతో రాసింది.

ఆ తర్వాత కథ ఇంకా ఆసక్తికరం. ఢిల్లీ చేరాక ఆమె ధర్మశాలలో టిబెటన్ కాందిశీకుల పిల్లల మధ్య పనికి కుదురుకుంది. పదహారేళ్ళ సేవ నుంచి బయటపడ్డ మనిషి మళ్ళీ రోగిష్టి పిల్లల సేవలోకే వెళ్ళడం చూసి 'ఆడవాళ్ళ స్వభావమే అంత' అనేవాళ్ళుంటారు. తేడా చాలా ఉంది. మొదటిది తప్పించుకోలేనిది. రెండోది ఆమె ఎంచుకున్నది, ముగించగలిగినది. 1968లో పెళ్ళి చేసుకోకుండానే కూతుర్ని కన్నది. ఆ పిల్లకి అయిదేళ్ళు రాగానే వెంటబెట్టుకుని కూర్గు వచ్చింది. మరుసటి చలికాలంలో ఆరేళ్ళ పిల్లతో బల్టిస్తాన్ మంచుకొండల్లో నెలల తరబడి తిరిగింది. ఫానీ బిడ్డని దాదికప్పగించి వెళితే డెర్వ్‌లా బిడ్డని దారిలోకి తెచ్చింది. పిల్లల పనిని ఇంట్లో వదిలి రాయడం ఒక పద్ధతి, ఆ పనినే యాత్రలో భాగం చేసి రాయడం మరో పద్ధతి. రెండోది సాహిత్యంలో చాలా అరుదు. 2022 మేలో ఆమె చనిపోయినప్పుడు వచ్చిన నివాళుల్లో తోడేళ్ళూ పిస్తోలూ బాగా కనిపించాయి. విమర్శకులుగా మనం ఆ మంచం గురించీ, ఆ పిల్ల గురించీ మాట్లాడాలి.

ఇప్పుడు మన డిసెంబరు సంగతి చూద్దాం. వాళ్ళు చలి నుంచి పారిపోయి వచ్చే వెచ్చటి దేశం మనదే. హైదరాబాదులో డిసెంబరు రాత్రుల ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. వాన ఉండదు, ఎండ మాడ్చదు. సైకిలు తొక్కడానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి రోజులు లేవు. కానీ సరిగ్గా ఈ రోజులే మన ఆడవాళ్ళ క్యాలెండర్లో పిండివంటల రోజులు. నారాయణగూడ చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మస్‌కి పదిరోజుల ముందునుంచే కజ్జికాయలు, గులాబీ పువ్వులు, కేకు పనులు మొదలవుతాయి. కేరల్స్ పాడి అర్ధరాత్రి తిరిగొచ్చేవాళ్ళకి టీ కాచేది ఆ ఇంటావిడే. హిందువుల ఇళ్ళలో ధనుర్మాసం ముగ్గులతో తెల్లారుతుంది. ఆ వెంటనే సంక్రాంతి, అరిసెలు, సకినాలు. పండక్కి ఊరెళ్ళే జనంతో కాచిగూడ స్టేషను కిటకిటలాడుతుంది. మగవాళ్ళు సెలవు మీద ఊరెళతారు. ఆడవాళ్ళు ఒక వంటింట్లోంచి ఇంకో వంటింట్లోకి బదిలీ అవుతారు. అదే రైలు, అదే టిక్కెట్టు, ప్రయాణం మాత్రం ఒకటి కాదు.

దీన్ని అంకెల్లోనూ చెప్పవచ్చు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 299 నిమిషాలు జీతం లేని ఆ పని మీద గడుపుతున్నారని తేలింది. చేసే మగవాళ్ళ వాటా 97 నిమిషాలు. 2024లో మళ్ళీ సర్వే చేస్తే స్త్రీలది 289 నిమిషాలకి దిగింది. సంతోషపడేలోపే పక్క అంకె చూడాలి. మగవాళ్ళది 88కి దిగింది. ఇందులో పిల్లల, ముసలివాళ్ళ, రోగుల సేవ కలపలేదు, దానికి వేరే లెక్కుంది.

289 నిమిషాలంటే దాదాపు అయిదు గంటలు. గంటకి పదిహేను కిలోమీటర్ల చొప్పున నింపాదిగా తొక్కినా రోజుకి 72 కిలోమీటర్లు. కాచిగూడ నుంచి కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై మీదుగా కన్యాకుమారి 1,250 కిలోమీటర్ల దాకా ఉంటుంది. డిసెంబరు 8న బయల్దేరితే క్రిస్మస్ నాటికి సముద్రం కనిపిస్తుంది. అంటే మన వీధిలో ప్రతి ఇల్లాలూ ఇంట్లోంచి కదలకుండానే పద్దెనిమిది రోజులకోసారి కన్యాకుమారి దాకా తొక్కేస్తోంది. ఆ యాత్ర మీద పుస్తకం ఎవరూ వెయ్యరు.

తెలుగులో స్త్రీల యాత్రా రచన లేదని కాదు. పోతం జానకమ్మ 1873లో ఇంగ్లండు వెళ్ళింది. తెలుగులో ఆమె రాసుకున్నది ఇంగ్లీషులోకి వచ్చి 1876లో పుస్తకంగా అచ్చయింది. భండారు అచ్చమాంబ 1902, 1903 ప్రాంతాల్లో ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' మనకి అందమైన యాత్రాగ్రంథం. వీళ్ళందరినీ గౌరవంగా చదువుకుంటూనే ఒకటి గమనించాలి. భర్తతోనో, సంఘం పనిమీదో, విద్యార్థినులతోనో సాగిన ప్రయాణాలివి. అంటే ప్రతి ప్రయాణానికీ ఇల్లు ఒప్పుకునే ఒక కారణముంది. ఊరికే, ఒంటరిగా, ఎవరి పనీ కాకుండా రోడ్డు మీద ఉన్న స్త్రీ మన వచనంలో ఇంకా అపరిచితురాలే. అచ్చమాంబ తిరుగుళ్ళ మీద ఆమె సొంత రోజువారీ రాత మనకి ఉండి ఉంటే ఎంత బాగుండేది!

సైకిలు విషయంలోనూ ఇదే. గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిల్ షాపులు ఒకప్పుడు మన పేటల్లో ఉండేవి. సీటు అందని వయసులో బార్ కిందనుంచి కాలు దూర్చి కాంచీ తొక్కుడు తొక్కిన జ్ఞాపకాలు మగ రచయితల బాల్య కథల్లో కొల్లలు. ఆడపిల్లల జ్ఞాపకాల్లో ఎక్కువగా ఉండేది వెనక క్యారేజీ. తొక్కడం నేర్చుకున్నవాళ్ళకి కూడా ఓణీ వేసుకునే రోజుతో సైకిలు ఆగిపోయింది. మాడపాటి హనుమంతరావు గారు 1928లో స్థాపించిన బాలికల పాఠశాల పుణ్యాన మన నారాయణగూడ ఆడపిల్లల చదువుకి తొలి చిరునామాల్లో ఒకటైంది. చదువు వచ్చింది. ఆ చదువుకి వెళ్ళే దారి మీద సొంత చక్రాలు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ మన పొరుగునే ఉంది. తమిళనాడు పుదుక్కోట్టైలో 1991 నుంచి కలెక్టర్ షీలా రాణి చుంకత్ చొరవతో అక్షరాస్యతా ఉద్యమంలో సైకిలు నేర్పడం కూడా ఒక పాఠమైంది. వ్యవసాయ కూలీలు, క్వారీ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు, లక్షకు పైగా స్త్రీలు నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశాడు. మగవాళ్ళు వెక్కిరించారు, బూతులు మాట్లాడారు. వీళ్ళు తొక్కుతూనే పోయారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే జెంట్స్ సైకిళ్ళు తీసుకున్నారు. ముందు బార్ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని కొందరు అదే మేలన్నారు. లండన్‌డెరీ మగవాళ్ళ సైకిలు ఎంచుకున్నది బరువు తగ్గించుకోవడానికి, పుదుక్కోట్టై తల్లి ఎంచుకున్నది బరువు మోయడానికి. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరమే వర్గమూ కులమూ. సైకిలు రాగానే స్వేచ్ఛ వచ్చేస్తుందనే వాళ్ళు ఈ దూరాన్ని కొలవాలి. బిందెలూ పిల్లలూ సైకిలెక్కాయి గాని దిగిపోలేదు. అయినా బస్సు కోసమో, మగవాడి కోసమో కాచుకోవలసిన గంటలు ఆమెవి అయ్యాయి. అది చిన్న విషయం కాదు.

ఈ కాలపు అమ్మాయిలు చాలా ముందుకెళ్ళారు. పుణె అమ్మాయి వేదాంగి కులకర్ణి ఇరవయ్యేళ్ళ వయసులో 159 రోజుల్లో ప్రపంచం చుట్టి 2018 డిసెంబరు 23న కోల్‌కతాలో ముగించింది. అదే ఏడాది హైదరాబాదు నుంచి జై భారతి నాయకత్వంలో నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ళ మీద ఆగ్నేయాసియా దేశాలు చుట్టొచ్చారు. ఇవి చూసి గర్వపడదాం. కానీ రికార్డు కూడా ఒక కారణమేనని మరవొద్దు. పందెం, రికార్డు, సందేశం, సేవ: ఇవేవీ లేకుండా బయల్దేరిన ఆడదాన్ని సమాజం ఇంకా ఓర్చుకోలేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు విన్న మాటలు గుర్తున్నాయి కదా. 'పనీపాటా లేక తిరుగుతున్నారు' అన్నారు. రోజుకి 289 నిమిషాలు ఒళ్ళొంచే మనిషి ఒక మధ్యాహ్నం ఊరికే బస్సెక్కి కూర్చుంటే ఇంత కంటగింపు ఎందుకు? ఆమె ఎక్కడికి వెళ్ళిందన్నది కాదు వాళ్ళ బాధ, ఆ మధ్యాహ్నం ఎవరిదన్నది.

అందుకే ఈ పుస్తకాల్ని మన పాఠ్యాంశాల్లో, మన చర్చల్లో పెట్టుకునేటప్పుడు ధైర్యం అనే మాట దగ్గర ఆగిపోవద్దు. తనని ధైర్యవంతురాలనడం మర్ఫీకే నచ్చేది కాదు. ధైర్యం అంటే కొందరికుంటుంది, కొందరికుండదు అని సర్దిచెప్పుకోవడానికి వీలుంటుంది. గంటల లెక్క అడిగితే ఆ వీలుండదు. తెలుగులో యాత్రలు రాసే స్త్రీలకి నా విన్నపం ఒకటే. ఏ ఊరు చూశారో రాయండి, దానికి ముందు ఇంట్లో ఏ అమరిక చేసి వచ్చారో కూడా రాయండి. ఫ్రిజ్‌లో పెట్టివచ్చిన పప్పు గిన్నెలూ, పక్కింటావిడకిచ్చిన తాళం చెవీ, అమ్మ దగ్గర వారం రోజులుండటానికి ఊరినుంచి వచ్చిన చెల్లెలూ ఆ పుస్తకంలోకి రావాలి. దారి అక్కడే మొదలైంది.